మక్తా జీతం, సగపాలు నష్టం

పైలట్ల జీతాల్లో కోత పెట్టారంటే మనలో చాలామందికి ముందు నవ్వొస్తుంది. నెలకి లక్షల్లో తీసుకునేవాళ్ళు, పాతిక శాతం పోతే మాత్రం ఏమైంది, అయినా మనకంటే పైనే ఉంటారు కదా అనిపిస్తుంది. విమానం కింద సామాన్లు ఎత్తే లోడర్‌కి పాతిక శాతం పోతే పిల్లల ఫీజు ఆగుతుంది. కెప్టెన్‌కి పోతే రెండో కారు ఆగుతుంది. ఈ తేడా నిజమే, కాదనను. కానీ వాళ్ళకి పోయినా పర్లేదు అనడం ఒక సంగతి, వదులుకోవడం వాళ్ళ బాధ్యత అనడం ఇంకో సంగతి. మొదటిది కడుపుమంటతో కూడా అనేయొచ్చు. రెండోదానికి కారణం చూపించాలి. కంపెనీ మునుగుతున్నప్పుడు "నీ జీతం కొంచెం వదులుకో" అని అడిగే హక్కు ఎక్కణ్ణించి వస్తుంది?

రాజమండ్రివాళ్ళకి ఇదేమీ దూరపు విషయం కాదు. మధురపూడిలో దిగిన విమాన కంపెనీల పేర్లు చెప్పుకుంటూ పోతే సగం తద్దినాల జాబితాలా ఉంటుంది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబర్‌లో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17 రాత్రి అమృత్‌సర్ నుంచి ముంబైకి ఆఖరి విమానం నడిపింది. మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2015లో చిన్న ఏటీఆర్ విమానాలతో మొదలై, జీతాల బకాయిల వార్తల మధ్య 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. మూడింటిలోనూ విమానాల కంటే ముందు జీతాలు ఆగాయి. రన్‌వే మాత్రం ఈలోగా 3,165 మీటర్లకి పెరిగింది.

వీటిలో జెట్ కథ దగ్గర కాస్త ఆగాలి. 2018 ఆగస్టులో యాజమాన్యం పైలట్లని, ఇంజినీర్లని, మిగతా ఉద్యోగులని కూచోబెట్టి పరిస్థితి బాగాలేదు, జీతాన్ని బట్టి గరిష్ఠంగా 25 శాతం దాకా తగ్గించుకోవాలి అంది. పైలట్లు ఒప్పుకోలేదు. యాజమాన్యం వెనక్కి తగ్గింది. తరవాత నెలల్లో జీతం వాయిదాల మీద రావడం మొదలైంది. 2019 జనవరి నుంచి పైలట్లకీ ఇంజినీర్లకీ అసలు రాలేదు. వాళ్ళ సంఘం నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ ఏప్రిల్ 1 నుంచి జీతం ఇవ్వకపోతే విమానం నడపం అంది. తరవాత దాన్ని ఏప్రిల్ 15కి మార్చుకుంది. 14వ తేదీన మళ్ళీ వాయిదా వేసుకుని, 1,500 కోట్లు విడుదల చేయండి, ఇన్ని వేల ఉద్యోగాలు కాపాడండి అని స్టేట్ బ్యాంకుని బతిమాలింది. మూడు రోజులకి కంపెనీయే ఆగిపోయింది.

అంటే పాతిక శాతం కోతకి ఒప్పుకోనివాళ్ళు, ఆర్నెల్లు తిరక్కుండానే నూరు శాతం కోతతో పనిచేశారు. దీన్ని చూసి "అప్పుడే ఒప్పుకుని ఉంటే కంపెనీ బతికేది కదా" అనేవాళ్ళున్నారు. "ఒప్పుకుని ఉంటే ఆ పాతిక కూడా అప్పులవాళ్ళ నోట్లోకే పోయేది" అనేవాళ్ళూ ఉన్నారు. బతికేదా లేదా అన్నది లెక్కల ప్రశ్న. వడ్డీల ముందు, ఇంధనం బిల్లు ముందు పైలట్ల పాతిక శాతం ఎంత అని చూసుకోవాలి. నన్ను వదలనిది వేరే ప్రశ్న. ఒప్పుకోకపోవడం తప్పా?

దీన్ని ఆలోచించడానికి మన డెల్టాలో ఉన్న మాటల కంటే మంచి మాటలు నాకు మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో దొరకలేదు. పొలం కౌలుకిచ్చే పద్ధతులు మనకి ముఖ్యంగా రెండు. ఒకటి మక్తా. ఎకరానికి ఇన్ని బస్తాలు అని ముందే మాట్లాడుకుంటారు. పండినా ఎండినా మునిగినా ఆసామికి ఆ బస్తాలు కొలవాలి. ఎక్కువ పండితే మిగిలిందంతా రైతుది. రెండోది సగపాలు. పండినదాంట్లో చెరి సగం. పండకపోతే ఇద్దరికీ లేదు. మక్తాలో భయమూ ఆశా రెండూ రైతువి, ఆసామికి నిశ్చింత. సగపాలులో భయమూ ఆశా ఇద్దరూ పంచుకుంటారు. ఎవరికెంత వస్తుందన్నది ఏడాదిని బట్టి మారినా, ఎవరి నెత్తిన ఏముందన్నది విత్తనం చల్లకముందే తేలిపోతుంది.

ఉద్యోగి జీతం కూడా మక్తాయే. ఇక్కడ నిశ్చింత ఉద్యోగిది, భయమూ ఆశా యజమానివి. ఫ్రాంక్ నైట్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1921లో రాసిన పుస్తకంలో లాభానికి ఇచ్చిన సమర్థన స్థూలంగా ఇదే. రేపేమవుతుందో ఎవరికీ తెలీని వ్యాపారంలో, తెలీనితనాన్ని నెత్తికెత్తుకున్నవాడికి మిగులు దక్కుతుంది. ఎత్తుకోనివాడికి ముందే చెప్పిన మొత్తం దక్కుతుంది. చమురు చవకై, సీట్లన్నీ నిండి, షేరు ధర చుక్కలంటిన ఏడాది కెప్టెన్ వెళ్ళి "ఈసారి బాగా మిగిలిందటగా, నా పాలు ఏది?" అని అడగడు. అడిగితే నవ్వుతారు, నీ జీతం నీకొచ్చిందిగా అంటారు. సరే. అలాంటప్పుడు చెడ్డ ఏడాది వచ్చి "మనమంతా ఒక కుటుంబం, నష్టం కలిసి భరిద్దాం" అంటే, అది మక్తా కాగితాన్ని మునిగిన ఏడాదికి మాత్రం సగపాలుగా తిరగరాయడం. పండిన ఏడాది మళ్ళీ మక్తాయే.

ఇంతవరకూ పైలట్ పక్షమే. ఇక్కడితో ఆపేస్తే వ్యాసం సులభంగా అయిపోయేది, కానీ అదే డెల్టా నుంచి దీనికి ఎదురు ఉదాహరణ కూడా వస్తుంది. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు లక్షల్లో కూలిపోయాయి. సార్వా వరి సరిగ్గా చేతికొచ్చే వేళ అది. అలాంటి ఏడాది మక్తా రైతు ఆసామి గుమ్మంలో నిలబడి, "ఈ ఏడు అంతా పోయిందండీ, తమరే చూసుకోవాలి, సగం తగ్గించుకోండి" అంటే, "మాటంటే మాటే, ఎకరానికి ఇన్ని బస్తాలూ కొలిచి మాట్లాడు" అనే ఆసామిని ఊళ్ళో ఏమంటారు? ఆ ఆసామి ఒప్పందం తప్పలేదు. చట్టం ప్రకారం అతని పక్షమే. అయినా అతన్ని మంచివాడని ఎవరూ అనరు. చేను నీళ్ళలో ఉన్నప్పుడు కాగితం చూపించడం మర్యాద కాదని మనందరికీ తెలుసు.

అయితే మునిగిన కంపెనీ ముందు జీతం కాగితం చూపించే పైలట్ ఆ ఆసామి లాంటివాడే కదా? నిశ్చింత కొనుక్కున్నవాడు, ఎదుటివాడి గడ్డురోజున ఆ నిశ్చింతని పట్టుకు వేలాడుతున్నవాడు. ఈ పోలికని కొట్టిపారేయడానికి నేను చాలా ప్రయత్నించాను. పూర్తిగా కుదరలేదు. ఆస్తి ఉన్న ఆసామికి, పని అమ్ముకునే పైలట్‌కి తేడా లేదా అంటే ఉంది. కానీ ఎదుటివాడి కష్టం చూసి ఒప్పందాన్ని సడలించడం మంచితనమే అయితే, అది ఆసామికి మాత్రమే వర్తించే మంచితనమని చెప్పడం కష్టం.

ఆ రైతు దగ్గర ఉండి కంపెనీ దగ్గర లేనిది ఒకటుంది. మునిగిన చేను అందరికీ కనపడుతుంది. ఆసామి గట్టు మీద నిలబడి చూడొచ్చు. పనలు నీళ్ళలో తేలుతున్నాయో లేదో, గింజ మొలకెత్తిందో లేదో, పక్క చేను బాగుండి ఈ చేనొక్కటే పోయిందో, ఇట్టే తెలిసిపోతుంది. తుఫాను ఎవరి తప్పూ కాదు. కంపెనీ నష్టం అలా గట్టు మీంచి కనపడదు. జెట్ 2007లో ఎయిర్ సహారాని 1,450 కోట్లు పెట్టి కొంది. కింగ్‌ఫిషర్ ఎయిర్ డెక్కన్‌ని కలుపుకుంది. ఇవి గాలివానలు కావు, ఎవరో ఒక గదిలో కూచుని తీసుకున్న నిర్ణయాలు. ఆ గదిలో పైలట్‌కి కుర్చీ లేదు. గట్టు తెగి నీళ్ళొచ్చిన రైతుకి మనం ఇచ్చే జాలి, తన గట్టు తానే కొట్టుకున్నవాడికి ఇస్తామా? ఇవ్వొచ్చేమో, కానీ ముందు గట్టు చూస్తాం అంటాం.

చూడనివ్వకపోతే ఏమవుతుందో 2003లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో జరిగింది. దివాలా అంచున ఉన్నాం అని చెప్పి ఏటా 180 కోట్ల డాలర్ల మేర జీతాలూ సదుపాయాలూ వదులుకొమ్మని ఉద్యోగులని అడిగారు. పైలట్లు, మెకానిక్‌లు, ఫ్లయిట్ అటెండెంట్లు ఓట్లేసి ఒప్పుకున్నారు. ఆ ఓట్లు పడ్డాక, పై అధికారులకి కంపెనీలో నిలిచి ఉన్నందుకు బోనస్‌లు, దివాలా వచ్చినా చెక్కుచెదరకుండా వాళ్ళ పింఛన్ల కోసం విడిగా పెట్టిన ట్రస్టు బయటపడ్డాయి. సీఈఓ డాన్ కార్టీ ఏప్రిల్ 24న రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. అక్కడ ఉద్యోగులకి కోపం తెప్పించింది డబ్బు కంటే ఆ క్రమం అనుకుంటాను. ముందు త్యాగం అడిగి, తరవాత లెక్క తెలిసింది. కష్టం నిజమే కావచ్చు, కానీ పడవలో అందరూ ఉన్నారని చెప్పినవాళ్ళు తమకి వేరే పడవ కట్టుకున్నారు.

మరి లెక్కలు చూపించి, వాటా కూడా ఇస్తే? అదీ జరిగింది. 1994లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు, మెకానిక్‌లు, ఇతర ఉద్యోగులు జీతాలు తగ్గించుకుని బదులుగా కంపెనీలో 55 శాతం షేర్లు తీసుకున్నారు. అక్షరాలా సగపాలు. కొన్నేళ్ళు ఆదర్శంగా చెప్పుకున్నారు. 2000 వేసవికి పైలట్లు కొత్త ఒప్పందం కోసం ఓవర్‌టైమ్ మానేసి సొంత కంపెనీ విమానాలనే ఆలస్యం చేశారు. 2002 డిసెంబర్‌లో యునైటెడ్ దివాలా పిటిషన్ వేసింది, ఆ షేర్లు చిత్తుకాగితాలయ్యాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. దీనివల్ల పంచుకోవడం తప్పని అనను. పొలం ఒకటే, పని అక్కడే, దాచుకున్నదంతా అక్కడే అయితే సగపాలు రైతు ఒక్క వానకి మూడూ పోగొట్టుకుంటాడు. యజమానికి నాలుగు వ్యాపారాలుంటాయి. పైలట్‌కి ఒక్క కంపెనీయే ఉంటుంది. నష్టం పంచుకోవడం సమానంగా ఉన్నా, తట్టుకునే శక్తి సమానంగా ఉండదు.

"నచ్చకపోతే వెళ్ళిపోవచ్చుగా" అనే మాట కూడా పైలట్ల విషయంలో పెద్దగా చెల్లదు. 2017 ఆగస్టులో డీజీసీఏ నియమం మార్చింది. అంతకుముందు పైలట్ ఆర్నెల్ల నోటీసు ఇచ్చి మానేయొచ్చు. ఆ తరవాత కెప్టెన్‌కి ఏడాది, కో-పైలట్‌కి ఆర్నెల్లు. అప్పటి విమానయాన మంత్రి మన విజయనగరం అశోక్ గజపతిరాజు. ప్రయాణికులకి ఇబ్బంది కలగకూడదని కారణం చెప్పారు, అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ ఫలితం చూడండి. కంపెనీ జీతం తగ్గించడానికి ఒక్క ఈమెయిల్ చాలు, పైలట్ తప్పుకోవడానికి ఏడాది కావాలి. పైగా పైలట్ శిక్షణకి చేసిన అప్పుల వాయిదాలు నెలనెలా నడుస్తూనే ఉంటాయి. మా ఐటీలో తొంభై రోజుల నోటీసుకే మేము గోల పెడతాం. జీతంలో "వేరియబుల్ పే" అని ఒక ముక్క విడిగా ఉంటుంది, కంపెనీ బాగుంటే వస్తుంది, లేకపోతే లేదు. అది చికాకే కానీ, దాంట్లో ఒక నిజాయితీ ఉంది. ఏది మక్తా, ఏది పాలు అని ఆఫర్ లెటర్లోనే గీత గీసి చెప్తారు. ఆ గీతని నడిమధ్యలో జరిపితేనే గొడవ.

ఇన్ని చెప్పాక కూడా పైలట్ల మీద ఒక ఫిర్యాదు మిగిలే ఉంటుంది. అది యాజమాన్యం చేసేది కాదు, లోడర్ చేయాల్సింది. దానికి మళ్ళీ కోనసీమకే రావాలి. 2011 సార్వాలో అక్కడి రైతులు పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర ఖర్చులకి చాలట్లేదు, పాత ధాన్యమే గోదాముల్లో మూలుగుతోంది, ఇక మేం నాటం అని వేల ఎకరాలు బీడు పెట్టారు. దేశమంతా చర్చ జరిగింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. రైతుల డిమాండ్ న్యాయమైందే. కానీ నాట్లు పడని ఏడాది నాట్లేసే ఆడవాళ్ళకి కూలి ఉండదు. సొంత భూమి ఉన్నవాడికి అది సమ్మె. భూమి లేని కూలికి పస్తు. వాళ్ళని ఎవరూ అడగలేదు, విరామం పెట్టమంటారా వద్దంటారా అని.

పైలట్లు విమానం నడపకపోతే దేశం మొత్తానికి తెలుస్తుంది. లోడర్ సామాను ఎత్తకపోతే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. బేరమాడే బలం ఉన్నవాడికి దాంతోపాటు ఇంకేదైనా బాధ్యత వస్తుందా? వస్తుందనే నా అభిప్రాయం. మన దేశంలో పైలట్ల సంఘాలు చాలావరకు పైలట్ల కోసమే పోరాడాయి. 2011లో పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు చేసిన సమ్మె, విలీనమైన ఎయిరిండియా పైలట్లతో సమానంగా జీతం కావాలని. 2012లో ఎయిరిండియా పైలట్లు దాదాపు రెండు నెలలు చేసిన సమ్మె, కొత్త డ్రీమ్‌లైనర్ శిక్షణలో అవతలివాళ్ళకి వాటా ఇవ్వొద్దని. గిల్డ్ అన్న పేరు ఊరికే పెట్టుకోలేదు. 2018 ఆగస్టులో జెట్ పైలట్లు కాదనడం తప్పు కాదంటాను. లెక్కలు చూపించకుండా అడిగినవాడికి కాదనడమే సరైన జవాబు. కానీ ఆ బలంతోనే ఇంకో మాట అడగొచ్చు. పాతిక శాతం మేం వదులుకుంటాం, లెక్కల పుస్తకాలు మా ముందు పెట్టండి, పెద్ద జీతాలన్నిటికీ ఇదే కోత పెట్టండి, కింది జీతాలు ఏ ఒక్క నెలా ఆపమని రాసివ్వండి, లాభం వచ్చిన ఏడాది వదులుకున్నది తిరిగివ్వండి. ఇది త్యాగం కాదు, బేరమే. మంచి బేరం. యాజమాన్యం దీనికి ఒప్పుకునేదా అంటే బహుశా ఒప్పుకునేది కాదు. అప్పుడైనా ఎవరు దేనికి ఒప్పుకోలేదో లోడర్‌కి తెలిసేది.

కోత పెట్టడంలో మర్యాద అసలు సాధ్యం కాదా అంటే, కొంత సాధ్యమే. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు ఇండిగో సీఈఓ తన జీతంలో 25 శాతం, పెద్ద అధికారులకి 20, పైలట్లకి 15, ఇంకా కిందకి 10, 5, అట్టడుగు రెండు తరగతులకి ఏమీ లేదు అని ప్రకటించాడు. మెట్లు కనీసం సరైన వైపుకి దిగాయి. తరవాత కోతలు ఇంకా పెరిగాయి, అది వేరే కథ. అదే ఏడాది ఎయిరిండియా ఎవరినీ తీసేయం అంటూనే, జూలైలో అలవెన్సులు కోసింది, ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా. పైలట్ సంపాదనలో పెద్ద భాగం ఎగిరిన గంటలకి ఇచ్చే అలవెన్సే కాబట్టి దెబ్బ వాళ్ళకే గట్టిగా తగిలింది. ఏప్రిల్ నుంచి అంటే, అప్పటికే నడిపేసిన విమానాలకి కూడా.

ఆ నడిపేసిన విమానాల్లో వందే భారత్ విమానాలున్నాయి. మే 9న కువైట్ నుంచి హైదరాబాద్‌లో దిగినది వాటిలో ఒకటి. కువైట్ అంటే ఉభయగోదావరి జిల్లాల్లో చెప్పనక్కర్లేదు. ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు, డ్రైవర్లు, ఎంతమందో. కరోనాలో జీతాలు ఆగిపోయి, పని పోయి, తిరిగొచ్చే దారి కోసం ఎదురు చూసినవాళ్ళు వాళ్ళు. కాక్‌పిట్‌లో ఉన్నాయనకీ, వెనక వరసల్లో ఉన్నావిడకీ ఆదాయంలో పోలికే లేదు. అయినా మాట ఇచ్చిన జీతం, పని చేశాక తగ్గిపోవడం మాత్రం ఇద్దరికీ జరిగింది. ఆమెకి జరిగితే మోసం అంటాం. ఆయనకి జరిగితే వాస్తవ పరిస్థితి అంటాం. ఆమెది ఎక్కువ కష్టం అన్నది నిజం. కానీ మోసానికి నిర్వచనం పోగొట్టుకున్నవాడి బ్యాంకు బాలన్సుని బట్టి మారకూడదు.

2009 జనవరి 15న హడ్సన్ నది మీద విమానం దింపి 155 మందిని బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్, నెలన్నర తిరక్కుండా అమెరికన్ కాంగ్రెస్ ముందుకొచ్చి చెప్పిన వాటిలో తన జీతం 40 శాతం తగ్గిందన్నది ఒకటి, పింఛను పోయిందన్నది ఇంకొకటి. ఆయనంతటి వీరుడు కాబట్టి ఆ మాట విన్నారు. ఏ పక్షీ ఇంజన్లో పడకుండా ముప్ఫై ఏళ్ళు రోజూ క్షేమంగా దింపినవాడు అదే మాట చెప్తే వినడానికి ఎవరు కూచుంటారు?

జెట్ ఎయిర్‌వేస్‌ని అమ్మేసి అప్పులు తీర్చమని సుప్రీం కోర్టు 2024 నవంబర్ 7న ఆదేశించింది. విమానాలు ఆగి అయిదేళ్ళు దాటాక. దివాలా చట్టంలో ఎవరికి ముందు ఇవ్వాలో వరస ఉంది. ఆ ప్రక్రియ ఖర్చులు ముందు. తరవాత తాకట్టు ఉన్న బ్యాంకులు, వాటితో సమానంగా కార్మికుల 24 నెలల బకాయిలు. వాటి కింద, కార్మికులు కాని ఉద్యోగుల 12 నెలల బకాయిలు. మిగిలిందేమైనా ఉంటే షేర్లున్నవాళ్ళకి. నిశ్చింత కొనుక్కున్నవాళ్ళు ముందు, భయం నెత్తికెత్తుకున్నవాళ్ళు ఆఖరున. కాగితం మీద నైట్ చెప్పిన క్రమమే. 2018లో అడిగిన కోతకి ఒప్పుకుని ఉంటే, ఆ పాతిక శాతం ఈ వరసలో ఎక్కడా ఉండేది కాదు. స్వచ్ఛందంగా వదులుకున్నది బకాయి కాదు కాబట్టి.

మా వైపు తుఫాను తగ్గాక పంట నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది పట్టాదారు పాస్‌బుక్ ఎవరి పేరున ఉందని. మక్తాకి చేసి మునిగింది ఒకరు, పాస్‌బుక్‌లో పేరున్నది ఇంకొకరు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు, పదకొండు నెలల కార్డు ఇస్తామన్నారు. కార్డు రావాలంటే ఆసామి సంతకం పెట్టాలి. అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకెవరికైనా ఇచ్చేస్తారేమోనని చాలామంది అడగరు.